లా కాలేజీకి కంప్యూటరొచ్చింది, మన పల్లెకేమొచ్చింది?

లా కాలేజీల్లో ఇప్పుడు గోడకో తెర, గదికో ప్రొజెక్టరు, చేతికో ఫోను. కాలేజీ కరపత్రం మీద ముందు వేసుకునే బొమ్మ కంప్యూటరు గదిదే. ఆ బొమ్మ చూసే తల్లిదండ్రులు ఫీజు కడుతున్నారు. మంచిదే. కంప్యూటరుతో మాకు పగేమీ లేదు. మేము అడిగేవి రెండే ప్రశ్నలు. ఈ యంత్రాలు వచ్చినాక మాలపల్లె నుంచి, మాదిగగూడెం నుంచి వెళ్ళిన పిల్లోడికి, పిల్లకి చట్టం నేర్చుకోవటం సులువైందా? వాళ్ళు నేర్చుకున్న చట్టం తిరిగి పల్లెకి వస్తోందా? రెండింటికీ అవునని జవాబొస్తేనే చదువు బాగుపడినట్టు. రాకపోతే నల్లబల్ల పోయి తెల్లతెర వచ్చింది, అంతే.

మనకెందుకీ గొడవ?

'ఇది చదువుకునేవాళ్ళ సంగతి, కూలికెళ్ళే మనకెందుకు' అని అన్నలు, అక్కలు పక్కన పెట్టొద్దు. మన కేసులు కోర్టుల్లో ఏమవుతున్నాయో చూసినవాళ్ళెవరూ అలా అనలేరు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రజలు పోరాడితే నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళకి, 2007 జూలై 31న, ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఏడేళ్ళు తిరక్కుండానే, 2014 ఏప్రిల్ 22న, హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయింది ఎప్పుడు, ఏ చోట, ఎవరి చేతుల్లో అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది.

ఆ తీర్పు అన్యాయమని మనం అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం. అంటూనే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నెత్తురు అందరి కళ్ళముందే పారినా, కాగితం మీద సమయం, చోటు, పేరు నిలబడకపోతే కోర్టులో అది చెల్లటం లేదు. ఆ కాగితాన్ని నిలబెట్టేది ఎవరు? ఎఫ్.ఐ.ఆర్. రాసే రోజు నుంచి అప్పీలు దాకా దగ్గరుండి చూసుకునే ప్లీడరు. ఆ ప్లీడర్ని తయారుచేసేది లా కాలేజీ. కాబట్టి లా కాలేజీలో పాఠం ఎలా చెబుతున్నారన్నది మన ప్రాణాలకు సంబంధించిన సంగతి.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ని రాజ్యాంగం రాసినాయనగా తలుచుకుంటాం. ఆయన లా మాస్టారు కూడా అన్నది మర్చిపోతాం. 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. బొంబాయి ప్రెసిడెన్సీలో న్యాయవిద్యను ఎలా సంస్కరించాలన్న దాని మీద 1936లో ఆ కాలేజీ పత్రికలోనే వ్యాసం రాశారు. లా చదువు ఎలా ఉండాలని అడిగే హక్కు మనకు ఎవరో ఇవ్వక్కర్లేదు. అది మనకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

యంత్రం కొత్తది, గుమ్మం పాతది

యంత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుంది. దానికి రుజువు 2020లో చూశాం. కరోనా రోజుల్లో, దేశంలో అన్నిటికంటే పేరున్న బెంగుళూరు నేషనల్ లా స్కూలు, చాలా జాతీయ లా యూనివర్సిటీలకు కలిపి జరిగే క్లాట్ పరీక్షని పక్కనబెట్టి తనకు వేరే పరీక్ష పెట్టుకుంది. ఇంట్లోనే కూర్చుని రాయొచ్చు, కంప్యూటరో తగిన ఫోనో, తెగిపోని ఇంటర్నెట్టో ఉంటే చాలన్నది. సెప్టెంబరు 12న పరీక్ష పెట్టేసింది కూడా.

ఇంట్లోనే! ఎవరింట్లో? 2017–18లో ప్రభుత్వం చేయించిన జాతీయ నమూనా సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, కెమెరా ముందు కదలకుండా కూర్చుని పరీక్ష రాయమంటే అది ఎవరికోసం పెట్టిన పరీక్ష? 2020 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు ఆ పరీక్షని కొట్టేసింది. క్లాట్ ద్వారానే సీట్లివ్వమన్నది. మంచి తీర్పు. అయినా అడగాల్సింది మిగిలే ఉంది. చట్టం బోధించే చోట కూర్చున్న పెద్దలకి, పల్లెలో పిల్లకి కంప్యూటరు ఉండదన్న సంగతి కోర్టు చెప్పేదాకా ఎందుకు తట్టలేదు?

ఇక క్లాట్ సంగతి. 2008లో మొదలైనప్పటి నుంచి అది ఇంగ్లీషులోనే. భారతీయ భాషల్లో కూడా పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. మన లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. మన పిల్లలు ఎక్కువగా వచ్చేది ఆ దారినే. సీటు వచ్చినాక చూస్తే పుస్తకం ఇంగ్లీషు, తీర్పు ఇంగ్లీషు, మాస్టారు చూపించే తెర మీద అక్షరాలూ ఇంగ్లీషు. ఆ తెర మీద ఉన్నదాన్నే మాస్టారు పైకి చదువుతారు. పిల్లలు ఫోనుతో ఫొటో తీసుకుంటారు. పరీక్ష ముందు గైడు కొనుక్కుంటారు. దీన్నే స్మార్ట్ క్లాసు అంటున్నారు.

అచ్చు పుస్తకమూ ఒకప్పుడు యంత్రమే

చదువు చెప్పే పనిముట్టు మారటం ఇప్పుడే కొత్తగా జరగలేదు. 1870లో అమెరికాలోని హార్వర్డ్ లా స్కూల్లో లాంగ్‌డెల్ అనే ఆయన ఉపన్యాసాలు తగ్గించి, తీర్పుల్నే విద్యార్థుల చేతికిచ్చి ప్రశ్నలతో పాఠం నడిపాడు. 1871లో కాంట్రాక్టు తీర్పులు ఏరి పుస్తకం వేశాడు. అచ్చుయంత్రం లేకపోతే ఆ పద్ధతే లేదు. అదే పద్ధతి మన నేషనల్ లా స్కూళ్ళ దాకా వచ్చింది. బెంగుళూరులో 1988లో క్లాసులు మొదలయ్యాయి. హైదరాబాదు నల్సార్ 1998లో వచ్చింది.

ఆ పద్ధతిలో బలముంది. తీర్పు చదివితే విద్యార్థికి చట్టం నడిచే తీరు తెలుస్తుంది. లోపం ఎక్కడంటే, ఏ తీర్పు పాఠమవుతుంది, ఏది కాదు అని ఎంచేవాడి దగ్గర. కాంట్రాక్టులు, కంపెనీలు, ఆస్తి పంపకాలు ఏళ్ళ తరబడి పాఠాలయ్యాయి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినా చాలా క్లాసుల్లో అది ఒక పూట మాటగానే మిగిలింది. పైగా తీర్పుల పుస్తకాలు ఖరీదైనవి. పెద్ద ప్లీడరు కొడుక్కి ఇంట్లోనే అద్దాల బీరువా నిండా ఉంటాయి. మన పిల్లోడు లైబ్రరీ తాళం తీసేదాకా వరండాలో నిలబడాలి.

ఆ బీరువాని కొంతవరకు బద్దలు కొట్టింది కంప్యూటరే. ఆ మాట ఒప్పుకోవాలి. 2008 జనవరిలో 'ఇండియన్ కానూన్' వచ్చింది. పైసా కట్టకుండా ఎవరైనా తీర్పు వెతుక్కోవచ్చు. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలనే 'ఇ-ఎస్.సి.ఆర్.' పేరుతో ఉచితంగా పెట్టింది. మొదటిరోజే సుమారు 34,000 తీర్పులు. అద్దాల బీరువాలో ఉన్నవి ఇప్పుడు ఫోనులో ఉన్నాయి. కానీ ఈ సంగతి ఎంతమంది లా విద్యార్థులకు మొదటి వారంలోనే చెబుతున్నారు? చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎలా వెతకాలో ఎంతమందికి చూపిస్తున్నారు? కాలేజీ డబ్బు కట్టి తెప్పించుకునే లా రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు ఆఫీసు గుమాస్తా దగ్గరో, ప్రిన్సిపాల్ గదిలోనో ఉంటే అది బీరువా తాళం చేతులు మారటమే.

నవ్వని మాస్టారు

మన పిల్లలు క్లాసులో ఎందుకు నోరు తెరవరు? తెలియక కాదు. తెలిసింది ఇంగ్లీషులో చెప్పలేక. చెబితే వెనక బెంచీ నవ్వుతుంది. ముందు బెంచీ తిరిగి చూస్తుంది. కొన్నిచోట్ల మాస్టారే నవ్వుతారు. ఆ నవ్వు వెనక 'రిజర్వేషన్ సీటు' అన్న మాట ఉంటుంది. ఒకసారి ఆ నవ్వు తిన్నవాడు మూడేళ్ళూ చెయ్యెత్తడు. చెయ్యెత్తనివాడు రేపు కోర్టులో గొంతెత్తడు.

ఇక్కడ యంత్రం నిజంగా మేలు చేయగలదు. అమెరికాలో 1982లోనే హార్వర్డ్, మిన్నెసోటా యూనివర్సిటీ లా స్కూళ్ళు కలిసి కంప్యూటరుతో లా పాఠాలు చెప్పే కేంద్రం పెట్టాయి. దాన్ని 'కాలి' అంటారు. ఆ పాఠాల పద్ధతి చిన్నదే. ఒక తగాదా చెప్పి ప్రశ్న అడుగుతుంది. తప్పు చెబితే ఎందుకు తప్పో చెప్పి మళ్ళీ అడుగుతుంది. పదిసార్లు తప్పు చెప్పినా నవ్వదు. కులం అడగదు. నాలుగో మనిషికి చెప్పదు. రాత్రి పదింటికి హాస్టల్లో కూర్చుని పదిసార్లు తప్పి పదకొండోసారి సరిగ్గా చెప్పినవాడు మర్నాడు క్లాసులో చెయ్యెత్తుతాడు.

అలాంటి పాఠాలు తెలుగులో, మన చట్టాల మీద ఎందుకు లేవు? యూనివర్సిటీలు అనుకుంటే ఏడాదిలో తయారుచేయొచ్చు. కోట్లు అక్కర్లేదు. చట్టం తెలిసిన మాస్టార్లు పదిమంది, తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరు, కంప్యూటరు తెలిసినవాళ్ళు ఇద్దరు కూర్చుంటే చాలు.

తెలుగులో చట్టం చెప్పటానికి మాటల్లేవంటారు. అది వట్టిమాట. ఫిర్యాది, ముద్దాయి, వాయిదా, వకాల్తా, పంచనామా, జామీను, వాంగ్మూలం, దావా. ఈ మాటలన్నీ అక్షరం రాని మన ముసలమ్మకి కూడా తెలుసు, కోర్టు మెట్లెక్కి దిగి నేర్చుకుంది కాబట్టి. బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని తెలుగులో పుస్తకం రాస్తే చేతులు మారుతూ ఊళ్ళు తిరిగింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పే ఇచ్చింది. తీర్పు రాయటానికి సరిపోయిన భాష పాఠం చెప్పటానికి సరిపోదా? ఇంగ్లీషు వద్దని మేము అనటం లేదు. హైకోర్టు, సుప్రీంకోర్టు నడిచేది రాజ్యాంగం 348వ అధికరణం కింద ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు రావాల్సిందే. తెలుగులో చట్టం అర్థమైనవాడు ఇంగ్లీషు త్వరగా పట్టుకుంటాడు. ఏమీ అర్థం కానివాడు బట్టీ పడతాడు.

తలుపు తెరిపించింది ఒక విద్యార్థి

సుప్రీంకోర్టులో ఏం జరుగుతుందో ఇంట్లో కూర్చుని చూసే వీలు ఎలా వచ్చింది? కోర్టులో కొన్నిరోజులు లా విద్యార్థుల్ని లోపలికి రానివ్వటం లేదని స్వప్నిల్ త్రిపాఠీ అనే లా విద్యార్థి కేసు వేశాడు. 2018 సెప్టెంబరు 26న కోర్టు ఒప్పుకుంది. విచారణ నేరుగా చూడటం ప్రజల హక్కులో భాగమన్నది. నాలుగేళ్ళ తర్వాత, 2022 సెప్టెంబరు 27న, రాజ్యాంగ ధర్మాసనం విచారణలు మొదటిసారి అందరికీ కనపడ్డాయి. ఆ రోజు నడిచిన వాటిలో అగ్రకులాల్లో పేదలకు పది శాతం రిజర్వేషన్ కేసు ఒకటి. మన బతుకు మీద వాదన జరుగుతుంటే మన పల్లెలో కూర్చుని చూడగలిగాం. ఇది చిన్న సంగతి కాదు.

మరి లా కాలేజీలు ఆ విచారణల్ని పాఠం చేశాయా? 2024 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ముందు ఎస్సీల వర్గీకరణ మీద మూడు రోజులు వాదన నడిచింది. ఆగస్టు 1న తీర్పొచ్చింది. ఆరుగురు ఒక వైపు, ఒకరు మరో వైపు. వేర్వేరుగా ఆరు అభిప్రాయాలు, 565 పేజీలు. 2004లో మన రాష్ట్రం చట్టాన్నే కొట్టేసిన చిన్నయ్య కేసు తీర్పు దాంతో పోయింది. వర్గీకరణ మీద మనలో మనకి రెండు మాటలున్నాయి. ఆ తగువు ఇక్కడ తీర్చబోవటం లేదు. రెండు వైపులవాళ్ళకీ చెప్పేది ఒకటే. ఆ 565 పేజీల్లో ఏముందో చదివి తెలుగులో చెప్పగలిగిన లా విద్యార్థులు ప్రతి మండలంలో పదిమంది ఉంటే, టీవీవాడు చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకుని మనలో మనం తిట్టుకునే పని ఉండేది కాదు. వాదన చూడండి, తర్వాత తీర్పు చదవండి, ఎవరి వాదన ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తేలిపోయిందో రాయండి. ప్రొజెక్టరుకి ఇంతకంటే మంచి పనేముంది?

ఫోనులో ఉన్న సాక్ష్యం

ఇప్పుడు దాడి జరిగితే ఎవరో ఒకరి ఫోనులో వీడియో ఉంటుంది. అది ఉందని మనం ధైర్యంగా ఉంటాం. కోర్టుకు పోయేసరికి అది చెల్లదంటారు. ఎందుకు? కాపీ చేసిన వీడియోకి చట్టం అడిగే సర్టిఫికెట్ కావాలని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఫోను సొంతదారే ఆ అసలు ఫోనుతో బోనెక్కి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌లో రెండు భాగాలు. ఒకటి ఇచ్చేవాళ్ళది, రెండోది నిపుణుడిది. ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి 'హాష్' గుర్తు కూడా అందులో రాయాలి. వాట్సాప్‌లో పంపితే వీడియో నొక్కుకుపోయి చిన్నదవుతుంది. ఆ వేలిముద్ర మారిపోతుంది. అందుకే అన్నలారా, అసలు ఫోను అమ్మొద్దు, చెరపొద్దు, మార్చొద్దు. జాగ్రత్తగా దాచండి.

ఈ సంగతి పల్లెకి చెప్పాల్సింది లా విద్యార్థి. వాడికి ఇది చేతిపనిగా నేర్పాలి. వీడియో తీయించి, హాష్ తీయించి, సర్టిఫికెట్ నింపించి, క్లాసులోనే అడ్డసవాలు చేయించాలి. సెక్షన్ నంబరు బట్టీ పట్టించటం కాదు చదువు.

ఇంకోటుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో అత్యాచారాల చట్టంలో 15ఎ సెక్షన్ చేరింది. ముద్దాయి బెయిలు అడిగితే బాధితులకు ముందే తెలపాలి, వాళ్ళ మాట వినాలి. తెలపటం తప్పనిసరని 2021లో హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే సెక్షన్ పదో ఉపసెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద జరిగే విచారణలన్నీ వీడియో తీయాలి. చట్టమే యంత్రాన్ని మన పక్షాన నిలబెట్టిన చోటు ఇది. మీ జిల్లా ప్రత్యేక కోర్టులో కెమెరా ఉందా? మీ కేసు రికార్డవుతోందా? అడిగి చూడండి. లా విద్యార్థులు జిల్లా జిల్లాకీ తిరిగి ఈ లెక్క తీస్తే అది చదువూ అవుతుంది, ఉద్యమమూ అవుతుంది.

తెలివైన మిషనూ తెలివిలేని నమ్మకమూ

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి లా పిల్లలు అసైన్‌మెంటు దానితో రాయిస్తున్నారు. కొందరు మాస్టార్లు ప్రశ్నపత్రమూ దానితోనే రాయిస్తున్నారు. అమెరికాలో న్యూయార్కు కోర్టులో ఏవియాంకా విమానాల కంపెనీ మీద వేసిన కేసులో ప్లీడర్లు ఆ మిషను చెప్పిన తీర్పులు దాఖలు చేశారు. తీరా చూస్తే అలాంటి తీర్పులే లేవు. మిషను కల్పించింది. 2023 జూన్ 22న జడ్జి ఆ ఇద్దరు ప్లీడర్లకీ, వాళ్ళ ఆఫీసుకీ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేశాడు.

మిషనుకి అబద్ధమని తెలియదు, నిజమనీ తెలియదు. మాట పక్కన ఏ మాట వస్తుందో అంచనా కట్టి రాస్తుంది. సుప్రీంకోర్టు తీర్పుల్లో 'లీవ్ గ్రాంటెడ్' అని ఉంటుంది. అప్పీలు వినటానికి అనుమతిచ్చామని అర్థం. మిషను దాన్ని 'సెలవు మంజూరైంది' అని తెలుగు చేస్తే నమ్మేవాడి గతేంటి? తీర్పుల్ని భారతీయ భాషల్లోకి మార్చటానికి సుప్రీంకోర్టు 2019లో 'సువాస్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఆ తర్జుమాల మీద కూడా ఇది అర్థం చేసుకోవటానికే, అసలైనది ఇంగ్లీషు తీర్పే అని రాసి ఉంటుంది.

మన పిల్లలకి ఇది గట్టిగా చెబుతున్నాం. పెద్దకులపోడు తప్పుడు తీర్పు దాఖలు చేస్తే 'జూనియర్ పొరపాటు' అంటారు. మనోడు చేస్తే 'వీళ్ళింతే' అంటారు. ఒక మనిషి తప్పు జాతి మొత్తం మీద పడేస్తారు. కాబట్టి మిషనుని వాడండి, కష్టమైన ఇంగ్లీషు పేరా తెలుగులో చెప్పమనండి, మీ వాదనలో బొక్కలేమున్నాయో అడగండి. అది చెప్పిన ప్రతి తీర్పునీ ఇ-ఎస్.సి.ఆర్.లోనో, ఇండియన్ కానూన్‌లోనో తెరిచి, మీ కళ్ళతో చదివాకే నోటితో అనండి.

పల్లెకు తిరిగి రావాలి

అమెరికా లా స్కూళ్ళలో మరో పని జరుగుతోంది. ప్లీడర్ని పెట్టుకోలేని పేదలకోసం, ఒక్కో ప్రశ్నా అడుగుతూ జవాబుల్ని అర్జీగా మార్చిపెట్టే కంప్యూటరు ఫారాల్ని విద్యార్థులే తయారుచేస్తున్నారు. ఆ ఫారం తయారుచేయాలంటే చట్టాన్ని పూర్తిగా విప్పి చూడాలి. ఏ మాట ముందు అడగాలి, ఏ మాట వదిలితే కేసు పోతుంది అని తెలుసుకోవాలి. పేదవాడికి అర్జీ, విద్యార్థికి చదువు. రెండూ ఒకే పనిలో.

మన దగ్గర దీనికి చోటు సిద్ధంగా ఉంది. లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉండాలి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. కానీ చాలా క్లినిక్‌లు ఒక బోర్డు, ఒక రిజిస్టరు, ఏడాదికోసారి బ్యానరు పట్టుకుని ఫొటో. ఆ క్లినిక్‌లో తెలుగులో ఫోను ఫారం తయారుచేయించండి. దాడి ఎప్పుడు, ఏ చోట, ఎవరు, ఏ మాటన్నారు, ఎవరు చూశారు అని ఒక్కొక్కటే అడిగి ఫిర్యాదు రాసిపెట్టాలి. చుండూరు కేసులో హైకోర్టు దొరకలేదన్న సమయం, చోటు, పేరు మొదటి కాగితంలోనే పడాలి. నష్టపరిహారం కూడా అంతే. 2016లో మారిన నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంది. ఏ నేరానికి ఎంత, ఏ దశలో ఎంత అని చెప్పే మనిషి లేక మనవాళ్ళు ఇచ్చింది పుచ్చుకుని వస్తున్నారు.

ప్రతి కేసుకీ పదహారు అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఇ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏం జరిగిందో కనపడుతుంది. ఈ ఒక్క పని తెలిస్తే, 'రేపు వాయిదా రండి' అన్న మాట నమ్మి కూలి పోగొట్టుకుని కోర్టు చెట్టు కింద కూర్చునే ఎన్ని రోజులు మిగులుతాయో లెక్కేయండి.

మా డిమాండ్లు

యంత్రాలకంటే ముందు మాస్టార్లు కావాలి. ఖాళీ పోస్టులు నింపకుండా తెరలు బిగించటం కుర్చీ లేని ఇంట్లో దిండ్లు కొనటం లాంటిది. అది ఒప్పుకునే ఈ మాటలు పెడుతున్నాం:

1. ప్రతి లా కాలేజీలో కంప్యూటరు హాలు రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచాలి. లా రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి.

2. మొదటి నెలలోనే తీర్పులు వెతకటం, చదవటం, సరిచూడటం చేతిపనిగా నేర్పాలి.

3. యూనివర్సిటీలు తెలుగులో ప్రశ్న-జవాబు పాఠాలూ, తెలుగు-ఇంగ్లీషు చట్టపదాల కోశమూ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలి.

4. చుండూరు కేసులో 2007 తీర్పునీ, 2014 తీర్పునీ పక్కపక్కనబెట్టి పాఠంగా చెప్పాలి. సాక్షుల వాంగ్మూలాలు స్కాన్ చేసి, బాధితుల గౌరవానికి భంగం రాకుండా విద్యార్థులకు అందించాలి.

5. ఫోను సాక్ష్యం, సర్టిఫికెట్, 15ఎ సెక్షన్ హక్కులు ప్రాక్టికల్ పేపర్లలో ఉండాలి.

6. ప్రతి క్లినిక్ కనీసం ఒక దళితవాడనో, ఒక తండానో తీసుకుని నెలకు రెండుసార్లు వెళ్ళాలి. మార్కులు ఆ పనికి వెయ్యాలి, బ్యానరు ఫొటోకి కాదు.

7. ఫోను లేదని, డేటా లేదని ఏ విద్యార్థికీ హాజరు గానీ, పరీక్ష గానీ పోకూడదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోమని మేము చెప్పటం లేదు. మీ ఊరి నుంచి లా చదివే పిల్లలు ఎవరున్నారో చూడండి. సెలవులకి వచ్చినప్పుడు అంబేద్కర్ భవనంలో కూర్చోబెట్టండి. ఊళ్ళో నడుస్తున్న కేసుల సి.ఎన్.ఆర్. నంబర్లు ఒక పుస్తకంలో రాయించండి. వాయిదాలు చూసి చెప్పమనండి. ఒక తీర్పు చదివి తెలుగులో చెప్పమనండి, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. మీరడిగే ప్రశ్నలకంటే గట్టి పరీక్ష ఏ యూనివర్సిటీ పెట్టలేదు. అత్యాచారం జరిగితే 14566, ఉచిత న్యాయసహాయానికి 15100 నంబర్లు గోడల మీద రాయండి. ఫోను చేసి ఊరుకోకుండా, చేసిన తారీకు, టైము కూడా రాసిపెట్టండి.

ఒకప్పుడు వేదం వింటే చెవుల్లో సీసం పోస్తామన్నారు. ఇప్పుడు చట్టం అందరి ఫోనులోనూ ఉంది. చెవులు మూసేవాడు లేకపోయినా, చదివి చెప్పేవాడు లేకపోతే అది మనకు అందనట్టే. ఆ చదివి చెప్పేవాళ్ళని మన పల్లెల్లోంచి తయారుచేసుకుందాం. వాళ్ళకి కావాల్సిన పనిముట్లు కాలేజీల దగ్గర అడుగుదాం, ఇవ్వకపోతే నిలబడి అడుగుదాం.

జై భీమ్!